మూడోసారి తీసిన రక్తం

ఫోన్ మోగేసరికి హైమవతి చేతులకు బెల్లం పాకం అంటుకుని ఉంది. పొయ్యి పక్కన, వేయించి పొట్టు తీసిన వేరుశనగ గింజలు పళ్ళెం నిండా ఉన్నాయి. మర్నాడు కూతురు ఇందుజ పదో పుట్టినరోజు. క్లాసులో వేరుశనగ ఉండలే పంచుతానని, అందరితో పాటు తనూ తింటానని ఆ పిల్ల వారం నుంచి ఒకటే గొడవ. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల వేరుశనగ తినడం ఇదే మొదటి సంవత్సరం.

భర్త రాజగోపాల్ ఫోన్ తెచ్చి ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"మేడమ్, నేను కదిరి ఓబులమ్మను. మిషన్ కాడ చెనక్కాయ విత్తనాలు ఏర్తాంటి, మీకు రక్తమిచ్చినాను గదా. గుర్తుండానా?"

"ఎందుకు గుర్తుండవు ఓబులమ్మా? చెప్పు."

"ఏం లేదు మేడమ్, మీరు డాక్టరమ్మ గదా, ఒక మాట అడుగుదామని చేసినా. నెల దినాల నుంచి నా ఒళ్ళు నా మాట ఇనడం లేదు. మిషన్ కాడికి పోతే సాలు, కండ్లు వాస్తాండాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాండాయి. మొన్న సంగటిలోకి చెనక్కాయ చట్నీ ఏస్కోని రెండు ముద్దలు తింటి. అంతే, నాలుక లావైపోయి గొంతు మూసుకపోయ. మా ఆయన ఆటోలో ఏస్కోని ఆస్పత్రికి పోయినాడు కాబట్టి బతికితి. ఆడుండే డాక్టరు నీకు చెనక్కాయ పడదమ్మా అంటాడు. నలభై ఏండ్లు తిన్నెది ఇప్పుడు పడకపోవడమేంది మేడమ్? ఆయప్పకు సరిగ్గా తెలీదేమోనని మీకు చేసినా."

హైమవతికి సంగతంతా ఆ క్షణంలోనే అర్థమైపోయింది. చేతి మీద పాకం చల్లారి బిగుసుకుపోతోంది. అయినా నోటివెంట వచ్చిన మాట వేరు.

"ఏదో వేడి చేసి ఉంటుంది ఓబులమ్మా. కొన్నాళ్ళు వేరుశనగ జోలికి పోకు. ఆ నూనె కూడా వద్దు. నేను మనిషిని పంపి రక్తం తీయిస్తాను, చూద్దాం."

"మీరుండంగా నాకు భయం లేదు మేడమ్," అంది ఓబులమ్మ.

ఫోన్ పెట్టేశాక రాజగోపాల్ "ఎవరు?" అన్నాడు. "పని విషయం," అని హైమవతి పాకం గిన్నె వైపు తిరిగింది.

*

ఇందుజకు మూడేళ్ళప్పుడు పక్కింటావిడ ముద్దుగా గోరంత చిక్కీ ముక్క నోట్లో పెట్టింది. ఐదు నిమిషాల్లో పెదవులు నల్లబడ్డాయి. రోగనిరోధక శాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్న హైమవతికి ఆ పూట తన చదువంతా పిల్లను చంకనేసుకుని పరుగెత్తడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. ఆ తర్వాత ఇంట్లో సూది మందు లేని సంచీ లేదు. పుట్టినరోజు పిలుపులు లేవు, పెళ్ళి భోజనాలు లేవు. ఊరూరా వేరుశనగ పండించే అనంతపురం జిల్లాలో ఆ పిల్లకు ప్రతి వంటిల్లూ ప్రమాదమే.

అప్పటి నుంచి హైమవతి పరిశోధనంతా ఒకటే ప్రశ్న చుట్టూ తిరిగింది. అదే గింజను లక్షల మంది తిని అరిగించుకుంటుంటే, తన కూతురి ఒళ్ళు మాత్రం దాన్ని శత్రువని ఎందుకు అనుకుంటోంది?

జవాబు కదిరిలో దొరికింది. వేరుశనగ కాయలు ఒలిచే మిషన్ దగ్గర గింజలు ఏరే నలభై మంది ఆడవాళ్ళ నుంచి ఆమె రక్తం నమూనాలు తెచ్చింది. పుట్టినప్పటి నుంచి ఆ గింజ తింటూ, రోజంతా ఆ దుమ్మే పీలుస్తూ బతికేవాళ్ళు. తన ప్రయోగశాలలో ఒక గాజుపలక మీద ఇందుజ రక్తపు చుక్క, పక్కనే ఓబులమ్మ అనే ఆవిడ రక్తపు చుక్క వేసి, రెండింటిలోనూ వేరుశనగ సారం కలిపింది. ఇందుజ రక్తంలో కణాలు టపటపా పగిలి, లోపలి విషాన్ని బయటికి కక్కాయి. ఓబులమ్మ రక్తంలోనూ అలా పగలడానికి సిద్ధంగా ఉన్న కణాలు లేకపోలేదు. కానీ వాటి పక్కన మరో రకం కణాలు చేరి, ఊరుకోమన్నట్టుగా వాటిని అణిచి పెట్టాయి. ఆ ఊరుకోబెట్టేవాటికి హైమవతి కాపలా కణాలని పేరు పెట్టింది. ఓబులమ్మలో ఉన్నన్ని ఆమె ఎవరిలోనూ చూడలేదు.

వాటిని ఒకరి నుంచి తీసి, పెంచి, పైన పలుచని పూత పూసి మరొకరి ఒంట్లో నిలబెట్టే పద్ధతి కనిపెట్టడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. ఎలుకల్లో ఫలించింది. కాపలా కణాలు అందుకున్న ఎలుకలు వేరుశనగ తిని హాయిగా తిరిగాయి. ఇచ్చిన ఎలుకల సంగతి ఎవరూ అంతగా పట్టించుకోలేదు, హైమవతి దగ్గర పనిచేసే షాహీన్ తప్ప.

"మేడమ్, కణాలిచ్చిన ముప్పై ఎలుకల్లో నాలుగింటికి వేరుశనగ పడకుండా పోయింది. రెండుసార్ల కంటే ఎక్కువ తీసినవే అవి. కాపలా కణాలు మళ్ళీ ఊరాలంటే మూలం కొంచెమైనా మిగలాలి గదా."

"కొన్నాళ్ళకు ఊరతాయేమో. తాత్కాలిక తగ్గుదల అని రాయి."

"మనం కొన్నాళ్ళు ఆగి చూడలేదు మేడమ్."

"రాయి షాహీన్."

ఆ మాట నివేదికలోకి ఎక్కింది. అక్కడి నుంచి దాతలు సంతకం పెట్టే కాగితంలోకి దిగింది. మనుషుల మీద ప్రయోగానికి నలుగురు పిల్లలు, నలుగురు దాతలు. ఒక్కొక్కరి నుంచి రెండుసార్లు మాత్రమే తీయాలని, పరిశోధనల మంచిచెడ్డలు చూసే నీతి సంఘం అనుమతి. పరిశోధకుల బంధువులను చేర్చకూడదని నియమం. హైమవతి ఇందుజ కాగితాల మీద తన పేరు లేకుండా చూసి, షాహీన్ చేత సంతకం పెట్టించింది. షాహీన్ ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు.

ఓబులమ్మ ఐదో తరగతి దాకా చదువుకుంది. కాగితం మీద వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది.

"తాత్కాలిక అంటే ఏంది మేడమ్?"

"కొన్నాళ్ళే అని. రక్తం ఇస్తే మళ్ళీ ఊరుతుంది కదా, అలాగే."

"నాకేమన్నా అయితాదా?"

"ఏమీ కాదు."

ఓబులమ్మ నవ్వి, పేరు మొత్తం రాసి సంతకం చేసింది. ఎవరో పాప బతుకుతుందంటే ఇదేం పెద్ద పని అంది.

రెండుసార్లు తీశారు. ఇందుజ మొదట ఆవగింజంత తింది, తర్వాత గింజలో సగం, తర్వాత ఒక గింజ, తర్వాత గుప్పెడు. ఆ గుప్పెడు తిన్న రోజు రాజగోపాల్ ప్రయోగశాల మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. ఆరు వారాల తర్వాత ఇందుజ రక్తంలో కాపలా కణాల లెక్క తగ్గడం మొదలైంది. మిగతా ముగ్గురు పిల్లల్లోనూ కొంత తగ్గి ఆగింది. ఇందుజకూ ఆగుతుందేమో చూడాల్సింది. హైమవతి చూడలేకపోయింది. ఓబులమ్మకు ఫోన్ చేసి, "చిన్న పరీక్ష ఉంది, ఒకసారి రా," అని పిలిపించింది. పరీక్ష అని చెప్పి మూడోసారి తీసింది. పుస్తకంలో రాయలేదు. అందులో సగం ఇందుజకు ఎక్కించింది, సగం ముందు జాగ్రత్తగా ఒక సీసాలో గడ్డకట్టించి దాచింది.

ఆ రోజు ఓబులమ్మ వెళ్తూ వెళ్తూ, "ఈసారి రోంత కండ్లు తిరుగుతాండాయి మేడమ్," అంది. హైమవతి నిమ్మరసం తెప్పించి ఇచ్చింది.

*

కదిరి నుంచి వచ్చిన రక్తాన్ని హైమవతి స్వయంగా పరీక్షించింది. గాజుపలక మీద ఓబులమ్మ కణాలు, ఒకప్పటి ఇందుజ కణాల్లాగే, టపటపా పగిలాయి. కాపలా కణాల కోసం పలకంతా వెతికింది. వాటి జాడ లేదు.

వెంటనే చెప్పాల్సిన మాట అది. ఆమె పదకొండు రోజులు చెప్పలేదు. పొద్దున్నే చెప్పాలనుకునేది. సాయంత్రానికి రేపు చెప్దాంలే అనుకునేది. ఓబులమ్మ రెండుసార్లు ఫోన్ చేస్తే తీయలేదు. ఇందుజ బడి నుంచి వచ్చి, సగం తిన్న చిక్కీ చేతిలో పట్టుకుని స్నేహితురాళ్ళ కబుర్లు చెబుతుంటే, ఆ పిల్ల నోటి వంక చూడలేక తల తిప్పుకునేది. ఇన్నేళ్ళు ఏ దృశ్యం కోసం బతికిందో ఆ దృశ్యమే ఇప్పుడు కళ్ళెదుట ఉంటే చూడలేకపోతోంది.

పన్నెండో రోజు షాహీన్ తలుపు వేసి ఎదురుగా నిలబడింది.

"మూడోసారి తీశారా మేడమ్?"

హైమవతి ముందున్న గాజుపలకను పక్కకు జరిపింది.

"సీసా చూసినా. మీ చేతిరాత ఉంది. ఓబులమ్మ నాక్కూడా ఫోన్ చేసింది. ఏం చెప్పిందో తెలుసా? మేడమ్‌కు నా మీద కోపమొచ్చినట్లుంది, నేనేమన్నా తప్పు చేసినానా అని అడిగింది."

హైమవతి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఒంటి మీద బట్టలు లేకుండా నలుగురిలో నిలబెట్టినట్టనిపించింది. తలెత్తి, "నేను కదిరి వెళ్తాను," అంది. "వచ్చాక నీతి సంఘానికి ఉత్తరం రాస్తాను. నీ చేత పెట్టించిన సంతకం సంగతి కూడా రాస్తాను."

"ఆ సంతకం నేనూ పెట్టినా గదా మేడమ్," అంది షాహీన్ నెమ్మదిగా.

*

ఓబులమ్మ ఇల్లు కదిరి శివార్లలో ఒక సందు చివర ఉంది. ఇరుగుపొరుగు ఇళ్ళ నుంచి వేరుశనగ నూనె తాలింపు వాసన వస్తోంది. ఆ ఇంటి కిటికీలు మాత్రం మూసి ఉన్నాయి. లోపల ఒక మూల కొత్త పొయ్యి, దాని మీద విడిగా చిన్న గిన్నె. ఓబులమ్మ మనిషి సగమైపోయింది. కళ్ళ కింద వాపు ఇంకా తగ్గలేదు.

"అయ్యో, మీరే వస్తిరా మేడమ్? పిల్చింటే నేనే వస్తాంటిని గదా. కూర్చోండి. కాఫీ తాగుతారా?"

"ఏమీ వద్దు ఓబులమ్మా. ముందు నువ్వు కూర్చో."

"పనికి పోక నెలాయ మేడమ్. ఆడోళ్ళంతా ఈమెకేదో రోగమంటుకున్యాదని పక్కన కూర్చునేకి భయపడతాండారు. మా అత్త నాకు గిన్నెలు వేరే పెట్టింది. పెద్దామె తప్పు లేదులే, నాకేమన్నా అవుతుందేమోనని భయం. మా చిన్నమ్మి బడిలో చెనక్కాయలు తినొచ్చి నన్ను ముద్దు పెట్టుకుంటే చెంప వాచిపాయ. బిడ్డ ఒకటే ఏడుపు. అప్పటి నుంచి నా దగ్గరికే రాదు."

హైమవతి ఎన్నో రకాలుగా మొదలుపెట్టాలని దారంతా అనుకుంటూ వచ్చింది. అవన్నీ గాలికి పోయాయి.

"అది రోగం కాదు. నేను చేసింది. నీ ఒంట్లో వేరుశనగను పడనిచ్చే కణాలు ఉండేవి. వాటినే నేను తీసుకున్నాను. రెండుసార్లు తీయడానికే నాకు అనుమతి ఉంది. మూడోసారి పరీక్ష అని నీకు అబద్ధం చెప్పి తీశాను. అలా తీస్తే ఇలా కావచ్చని నాకు ముందే తెలుసు. ఎలుకల్లో చూశాను."

ఓబులమ్మ ఆమె ముఖంలోకి చూసింది. అర్థం కాకపోవడం కాదది. అర్థమైనదాన్ని నమ్మలేకపోవడం.

"ఏమీ కాదంటిరే."

"అన్నాను."

"ఎవరికోసరం?"

"నా కూతురికోసం. నీవి ఎక్కించింది నా కూతురికే. ఆ సంగతి కూడా నీకు చెప్పలేదు."

వీధిలో ఎవరో కొత్తిమీర అమ్ముకుంటూ పోతున్నారు. ఓబులమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వాపు వల్ల గట్టిగా ఒత్తుకోలేకపోయింది.

"నీ బిడ్డని చెప్పింటే ఇచ్చేదాన్ని గదా," అంది. ఆమె హైమవతిని ఏకవచనంలో పిలవడం అదే మొదటిసారి. "నాకూ బిడ్డ ఉండాది. నా బిడ్డ సచ్చిపోతాంది ఓబులమ్మా, ఇట్లిట్లయితాది నీకు, ఇస్తావా అని అడిగింటే, రోంత ఆలోచన చేసి ఇచ్చేదాన్నేమో. ఇయ్యకపోదునేమో. అది నేను చెప్పాల్సిన మాట గదా? ఆ మాట నువ్వే చెప్పేస్తివి. నన్ను అడగనే ల్యాదు."

హైమవతి వంగి ఆమె కాళ్ళు పట్టుకోబోయింది. ఓబులమ్మ చటుక్కున కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"అట్ల చేయొద్దు. అట్ల చేస్తే నేను ఊరికే ఉండాలని చేసినట్లయితాది. ఇప్పుడు నాకేం చేయగలవో అది చెప్పు."

చేయగలిగింది ఒక్కటే ఉంది. ఆ సీసా.

*

"అది ఇందుజ కోసం దాచింది కదా!" జరిగిందంతా విన్న రాజగోపాల్ గొంతు లేచింది. "రేపు దీనికి మళ్ళీ తగ్గిపోతే? మళ్ళీ పెదవులు నల్లబడితే? అప్పుడేం చేస్తావ్?"

"సూది సంచీ మళ్ళీ పట్టుకుంటాను."

"ఆవిడకి ఇంకేదైనా చేద్దాం. మందులు ఇప్పిద్దాం. ఇది మాత్రం వద్దు హైమా."

"అది ఆవిడదండీ."

ఇందుజ ఎప్పుడొచ్చిందో, తలుపు పక్కన నిలబడి ఉంది. "ఆ ఆంటీవి నా ఒంట్లో ఉన్నాయా?" అంది. ఉన్నాయని తల్లి చెప్పింది. పిల్ల తన అరచేతుల వంక చూసుకుంది.

"అయితే నేనింక తినకూడదా?"

"తినొచ్చమ్మా. నువ్వేం తప్పు చేయలేదు."

"మరి నువ్వు?"

"చేశాను."

ఇందుజ అమ్మ దగ్గరికి రాలేదు, అలాగని అక్కడి నుంచి కదలనూ లేదు. ఆ దూరం అలాగే కొన్ని వారాల పాటు ఇంట్లో తిరిగింది.

నీతి సంఘానికి హైమవతి రాసిన ఉత్తరం పేజీన్నర ఉంది. పరిశోధన ఆపేశారు. ఆమెను ప్రయోగశాలకు రావద్దన్నారు. మిగతా ముగ్గురు దాతలను పిలిచి పరీక్షించారు. వాళ్ళ కాపలా కణాలు తగ్గాయి గానీ మిగిలే ఉన్నాయి. సీసాలోని కణాలను సంఘం అనుమతితో షాహీన్ పెంచి ఓబులమ్మకు ఎక్కించింది. అవి సగమే నిలిచాయి. నాలుగు నెలలకు ఓబులమ్మ ఇరుగుపొరుగు తాలింపు వాసనకు ఉబ్బకుండా కిటికీ తెరుచుకోగలిగింది. కూతురు ముద్దు పెట్టుకున్నా చెంప వాయలేదు. అంతకు మించి జరగలేదు. మిషన్ దగ్గరి దుమ్ములో పావుగంట కూడా కూర్చోలేకపోయింది. వేరుశనగ తినే యోగం ఆమెకు ఇక లేదని హైమవతికి షాహీన్ ఫోన్‌లో చెప్పింది.

మార్చిలో ఓబులమ్మే ఫోన్ చేసింది. మేడమ్ అని పిలవలేదు, బాగున్నావా అనలేదు.

"మిషన్ కాడికి ఎవరో కంపెనీవాళ్ళు వచ్చినారంట. ఆడోళ్ళ రక్తం కావాలంటాండారు. కాగితాలు ఇచ్చి పోయినారు. నేను చెప్తే, నీకు పడకపోతే మాకూ పడదా అంటారు. నువ్వు వచ్చి చెప్పు."

కాపలా కణాలు తీసే ఆ పద్ధతిని తాను పనిచేసిన సంస్థ ఈ గొడవకు ముందే బయటి కంపెనీకి ఇచ్చేసిందని హైమవతికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఒప్పందం మీద సంతకం చేసినప్పుడు ఆమె సంతోషించింది కూడా.

మధ్యాహ్నం అన్నం వేళ మిషన్ ఆపారు. ఆడవాళ్ళు ముప్పై మంది దాకా తలగుడ్డలు విప్పుకుని ఆవరణలో కూర్చున్నారు. ఓబులమ్మ లోపలికి రాలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని రోడ్డుకు అవతల నిలబడింది. హైమవతి ఆమె వంక చూసింది. ఓబులమ్మ రమ్మని గానీ పొమ్మని గానీ సైగ చేయలేదు.

హైమవతి చెప్పింది. ఏం తీశారో, ఎందుకు తీశారో, తీశాక ఏమవుతుందో చెప్పింది. ఓబులమ్మకు రోగం రాలేదని, తానే ఆమెను అలా చేశానని, అబద్ధం చెప్పి చేశానని చెప్పింది. ఎవరూ అన్నం ముట్టలేదు.

వెనక కూర్చున్న ఒక ముసలావిడ అడిగింది. "మరి నీ బిడ్డ ఇప్పుడు చెనక్కాయలు తింటాదా?"

"తింటుంది."

"బాగుండాదా?"

"బాగుంది."

ఇంతకంటే తిట్టి ఉంటే బాగుండుననిపించింది హైమవతికి. కానీ ఎవరూ తిట్టలేదు. ముసలావిడ నడుం దగ్గర దోపుకున్న కాగితాల మడత తీసి, పక్కవాళ్ళ చేతుల మీదుగా ముందుకు పంపింది.

"మాకిచ్చిన కాగితం ఇదే. నాకు సదువు రాదు. నువ్వు సదువు. ఒక్క అక్షరం ఇడ్సొద్దు."

హైమవతి నేల మీద, వాళ్ళ మధ్యనే కూర్చుంది. మొదటి వాక్యం నుంచి నెమ్మదిగా చదివింది. అర్థం కాని ప్రతి మాట దగ్గరా వాళ్ళు ఆపారు. ఆపిన ప్రతిచోటా ఆమె విడమరిచి చెప్పింది. తాత్కాలికం అన్న మాట వచ్చినప్పుడు, "ఇది అబద్ధం," అంది. ఒక్కొక్కరే లేచి ముందుకు జరిగి కూర్చున్నారు. రోడ్డవతల ఓబులమ్మ అలాగే నిలబడి ఉంది.

నాలుగో పేజీ చివర సన్నని అక్షరాల్లో ఒక వరుస ఉంది. హైమవతి అక్కడ ఆగిపోయింది.

"అయిపాయనా?" అంది ముసలావిడ.

"లేదు. ఇంకొక్కటి ఉంది."

కాగితాన్ని వెలుతురుకు దగ్గరగా పట్టుకుని, రోడ్డవతలికి కూడా వినిపించేలా ఆఖరి వరుస చదివింది.

"ఈ పద్ధతిని కనిపెట్టినవారు, డాక్టర్ కె. హైమవతి."